రంపమా, నారాయణపక్షా? హామ్లెట్ మాటలో ఒక రేఫ

అరసున్న: షేక్‌స్పియర్ నాటకం రెండో అంకంలో హామ్లెట్ తన స్నేహితుడు గిల్డెన్‌స్టెర్న్‌తో అంటాడే, ఉత్తర-వాయవ్యపు గాలికే నాకు పిచ్చి, దక్షిణపు గాలి వీస్తే మాత్రం హాక్‌కీ (డేగకీ) దేనికో తేడా తెలుసని. ఆ 'దేనికో' దగ్గర హ్యాండ్‌సా (చేతిరంపం) అనా, హెర్న్‌షా (నారాయణపక్షి, ఒక జాతి కొంగ) అనా? రెండూ చదివిన గుర్తు.

తాళపత్రం: పాఠంలో తగువు లేదు. 1604-05లో అచ్చయిన క్వార్టో ప్రతిలోనూ, 1623 ఫోలియో సంపుటంలోనూ హ్యాండ్‌సాయే. హెర్న్‌షా 18వ శతాబ్దంలో పరిష్కర్త హాన్మర్ చేసిన దిద్దుబాటు. అర్థం కుదరనిచోట అక్షరం మార్చే పరిష్కర్తలు మనకి మాత్రం కొత్తా?

యతిభంగం: మార్చలేదండీ, విప్పి చెప్పాడు. ఇంగ్లండులో నార్ఫక్, సఫక్ పల్లెల్లో నారాయణపక్షి హార్న్సర్. హ్యాండ్‌సా ఆ మాటకే మారురూపం. పాత ఫ్రెంచి హెరోన్సో, అంటే పిల్ల పక్షి, అక్కడినుంచి వచ్చింది. పాతకవి చాసర్ స్క్వైర్ కథలో విందు వంటకాల మధ్య హెరన్‌స్యూ పేరెత్తాడు. కవి స్పెన్సర్ 1596లో ఫేరీ క్వీన్ కావ్యం ఆరో భాగంలో జంట ఫాల్కన్ డేగల్ని హెర్న్‌షా మీదికే వదిలాడు. ఆ ఘట్టం చదివాక రంపం అనబుద్ధి కాదు.

బండి-ఱ: స్పెన్సర్ రాశాడు గనక షేక్‌స్పియర్ కూడా అన్నట్టేనా? న్, స్ నడుమ త్ పుట్టడం సహజం, ప్రిన్స్‌లో వినిపిస్తుంది. ద్ ఎలా పుట్టింది?

యతిభంగం: హ్యాండ్‌సమ్‌లో ద్ ఎవరు పలుకుతున్నారు? రాతలో ఉంది, నోట్లో లేదు. హ్యాండ్‌సా కూడా అంతే.

బండి-ఱ: సరే, ద్ వదిలేశాను. రేఫ మాటేమిటి? హార్న్స-లో న్‌కి ముందున్న ర్ 1600 నాటికి లండన్‌లో ఇంకా పలికేవాళ్లు. నా పేరు చూసి పక్షపాతం అనకండి. పైగా షేక్‌స్పియర్ నాటకమే నాలుగో హెన్రీ మొదటి భాగంలో ఫాల్‌స్టాఫ్ తన కత్తి హ్యాండ్‌సాలా పళ్లు పడిందంటాడు. అక్కడ కొంగని పెట్టి చూడండి.

అరసున్న: మరి గాలి గొడవ ఎందుకు? రంపానికి దిక్కేమిటి?

తాళపత్రం: పక్షివాదులకున్న గట్టి ఆధారం అదే. డేగ తరిమితే నారాయణపక్షి గాలివాటున పోతుందని వాళ్ల లెక్క. ఉత్తర-వాయవ్యపు గాలైతే దక్షిణ-ఆగ్నేయానికి పోవాలి. పొద్దున పదిన్నర ప్రాంతంలో సూర్యుడూ సరిగ్గా అక్కడే. కళ్లు చెదిరి ఏది ఏదో తెలీదు. దక్షిణపు గాలైతే పక్షులు ఉత్తరానికి పోతాయి, ఎండ వేటగాడి వీపున పడుతుంది, రెండూ తేటగా కనిపిస్తాయి. లెక్క ముచ్చటగానే ఉంది గానీ, పదకొండు దాటితే చెడుతుంది.

గచ్చునేల: అసలు రెండూ పనిముట్లే కదా! తాపీవాళ్లు గచ్చు పెట్టుకునే పిడి పలక కూడా హాకే.

తాళపత్రం: ఆ అర్థానికి తొలి సాక్ష్యం 1700 ప్రాంతంలో, చేతిపనుల మీద పుస్తకం రాసిన మాక్సన్ దగ్గర. నాటకానికి నూరేళ్ల తర్వాత.

బండి-ఱ: జత కుదరకపోవడమే అందులో చమత్కారం. చాక్‌కీ చీజ్‌కీ తేడా తెలీదనడం, బీ అక్షరానికీ బుల్ కాలికీ తేడా తెలీదనడం, ఇదీ ఆ వరసే. మొదటి హల్లు కలిస్తే చాలు, అర్థం కలవక్కర్లేదు. యతిభంగం గారికి యతి చెప్పాల్సి వచ్చింది!

యతిభంగం: హెర్న్‌షాకీ హకారమే ఉందిగా. యతి మీకెంత దక్కిందో నాకూ అంతే. తెలుగు చేస్తే మాత్రం హాక్‌ని ఉత్త డేగ అనకండి, సాళువం అనండి.

గచ్చునేల: సాళువ నరసింహరాయలి ఇంటిపేరు అదేనా?

యతిభంగం: అదే. జైమినిభారతం అంకితం పుచ్చుకున్న రాయలు. పిల్లలమర్రి పినవీరభద్రుడు 'వాణి నా రాణి' అన్నాడంటారే, ఆ సభే.

తాళపత్రం: అన్నాడని చాటుకథ. కావ్యంలో చూపించండి.

యతిభంగం: శృంగార శాకుంతలం రాసినవాడికి ఆ మాత్రం ధీమా ఉండకూడదా?

అరసున్న: ధీమా సరే, నా రంపం సంగతి?

బండి-ఱ: ముందు ఆ చాటువు ఎవరు సేకరించారో తేలనివ్వండి.