పాపకి లూజ్ మోషన్స్, నీళ్లు ఆపాలా పట్టాలా? మెడికల్ షాపులో ఇచ్చిన డబ్బా ఓఆర్‌ఎస్సేనా?

చీపురుపల్లి నుంచి ఒక అమ్మ

అందరికీ నమస్తే. మా పాపకి నాలుగేళ్లు, ఎల్‌కేజీ, బరువు 15 కిలోలు. నిన్న రాత్రి నుంచి నీళ్ల విరేచనాలు, ఇప్పటికి ఐదుసార్లు అయ్యాయి, పొద్దున్న ఒక వాంతి. జ్వరం లేదు, రక్తం లేదు. మామూలుగానే నీళ్లు తాగని పిల్ల, స్కూలుకి పంపిన బాటిల్ నిండుగా తిరిగొస్తుంది, దానికి తోడు ఇప్పుడిది. మా అత్తగారేమో నీళ్లు పడితే ఇంకా జారిపోతాయి, కడుపు ఖాళీగా ఉంచు అంటున్నారు. మా ఆయన షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే యాపిల్ రుచి డబ్బా ఒకటి, గ్లూకోజ్ పొడి ఒకటి ఇచ్చి పంపారు. ఏది పట్టాలి, ఎంత పట్టాలి? ఇప్పుడే హాస్పిటల్‌కి పరిగెత్తాలా? ఆదివారం కదా, టెన్షన్‌గా ఉంది.

స్టాఫ్ నర్సు, నరసన్నపేట

అమ్మా, ముందు నాలుగు సంగతులు చెప్పు. పాప ఆఖరుసారి ఒంటికి ఎప్పుడు వెళ్లింది? ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా? నోట్లో వేలు పెట్టి చూడు, నాలుక తడిగా ఉందా, అంటుకుంటోందా? పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో మడతలా పట్టి వదిలితే వెంటనే సర్దుకుంటోందా? ఇవి చూసి రాయి, ఈలోపు నీళ్లు మాత్రం ఆపొద్దు. అత్తగారి మాట కాదనలేకపోతే నా పేరు చెప్పు పర్వాలేదు. మోషన్ నీళ్లు పట్టడం వల్ల రాదు, పేగులో పట్టిన ఇన్ఫెక్షన్ వల్ల వస్తుంది. నువ్వు పట్టినా పట్టకపోయినా అది పోతూనే ఉంటుంది, పట్టకపోతే ఒంట్లో ఉన్నదే పోతుంది, తేడా అంతే.

చీపురుపల్లి అమ్మ

పొద్దున్న ఏడింటికి వెళ్లింది మేడమ్, పచ్చగా, కొంచెమే. కన్నీళ్లు వస్తున్నాయి. పెదాలు ఎండినట్టున్నాయి గానీ నాలుక తడిగానే ఉంది. చర్మం వెంటనే సర్దుకుంది. దాహం దాహం అంటోంది.

స్టాఫ్ నర్సు, నరసన్నపేట

అయితే కంగారు పడకు, కానీ నిర్లక్ష్యం కూడా వద్దు. ఇది ఇంట్లో మొదలుపెట్టి చూడదగ్గ స్థితే. దాహం అడుగుతోందంటే ఒళ్లు అప్పుడే నీళ్లకి వెతుక్కుంటోంది.

ఆ యాపిల్ డబ్బా పక్కన పెట్టు. అందులో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ, అంత చక్కెర పేగులోకి వెళ్తే నీటిని ఒంట్లోంచి లాగి మోషన్ పెంచుతుంది. గ్లూకోజ్ పొడికీ అదే చెప్తాను, కూల్‌డ్రింక్‌కీ అదే. అసలు ఇలాంటి డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు ఇలాంటి పానీయాల మీద ఉండకూడదని ఆదేశం ఇచ్చింది. అయినా అడిగితే చేతికి ఏదొస్తే అది ఇచ్చే షాపులు ఉంటాయి, చదివి తీసుకోవాల్సింది మనమే. కావలసింది ప్యాకెట్‌లో వచ్చే పొడి, దాని మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉంటుంది. లీటరుకి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రాములు. ఈ అంకెలు వెనక ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చు. మీ ఊరి ఆశా దగ్గర అడుగు, ఊరికే ఇస్తారు.

ఎంత అంటావా, ఈ వయసుకి మోషన్ అయిన ప్రతిసారీ 100 నుంచి 200 మి.లీ. గ్లాసు ఎత్తి గటగటా తాగించొద్దు, చెంచాతోనో, గ్లాసుతో గుక్కగుక్కగానో. ఇంటి భోజనం ఆపొద్దు, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు ఏది తింటే అది కొంచెం కొంచెం పెట్టు. మోషన్ ఆగడానికని పెద్దవాళ్ల మాత్ర ఏదీ వేయొద్దు.

చీపురుపల్లి అమ్మ

ఆశా అప్పని అడిగితే ప్యాకెట్లు రెండు ఇచ్చారు మేడమ్. పాప ఎలాగూ లీటరు తాగదు కదా, ప్యాకెట్‌లో నాలుగో వంతు ఒక గ్లాసులో కలిపితే సరిపోతుందా?

స్టాఫ్ నర్సు, నరసన్నపేట

వద్దమ్మా, ఇక్కడే చాలామంది దగ్గర తేడా కొడుతుంది. పొడిలో ఉప్పు, గ్లూకోజ్ అంతటా సమానంగా కలిసి ఉంటాయని నమ్మకం లేదు, నాలుగో వంతు కంటితో కొలవడమూ కుదరదు. ఉప్పు ఎక్కువైతే పిల్లకి ప్రమాదం, తక్కువైతే ఉపయోగం లేదు. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో. ఇంట్లో లీటరు వాటర్ బాటిల్ ఖాళీది ఉంటుందిగా, దాన్ని కొలతకి పెట్టుకో. 200 మి.లీ.కి కలిపే చిన్న ప్యాకెట్లు కూడా వస్తాయి, కాబట్టి ప్యాకెట్ మీద ఎంత నీళ్లని ఉందో ముందు చదువు. మరిగించి చల్లార్చిన నీళ్లు వాడు, కలిపాక మళ్లీ మరిగించొద్దు, పంచదార, నిమ్మరసం ఏవీ చేర్చొద్దు. మూత పెట్టి ఉంచు, 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలుపు. పోతే పోయింది, ఊరికే వచ్చిన ప్యాకెట్టే కదా.

రాజాం నుంచి ఒక నాన్న

రాత్రిపూట ప్యాకెట్ దొరక్కపోతే? మా తండాకి షాపు దూరం.

స్టాఫ్ నర్సు, నరసన్నపేట

లీటరు నీళ్లకి టీస్పూనుతో తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. తలకొట్టిన అంటే కుప్పగా కాకుండా కత్తితో సమం చేసి. ముందు మీరే ఒక చుక్క నాలుక మీద వేసుకోండి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. ఇందులో పొటాషియం ఉండదు, కాబట్టి తెల్లారేదాకా గడపడానికి మాత్రమే, పొద్దున్నే ప్యాకెట్ తెచ్చుకోండి. రెండు మూడు ప్యాకెట్లు ఎప్పుడూ ఇంట్లో పడి ఉంటే ఈ గొడవే ఉండదు.

ఆమదాలవలస, నాయనమ్మని

మా కాలంలో పిల్లలకి గంజిలో ఉప్పేసి పట్టేవాళ్లం, చోడి (రాగుల) అంబలి పోసేవాళ్లం. ఇప్పుడవి పనికిరావా?

స్టాఫ్ నర్సు, నరసన్నపేట

ఎందుకు పనికిరావు పెద్దమ్మా! చిటికెడు ఉప్పేసిన పల్చటి గంజి, మజ్జిగ, కొబ్బరి నీళ్లు ఓఆర్‌ఎస్‌తో పాటు ఇవ్వొచ్చు, దాని బదులు కాదు. అంబలి కూడా అప్పటికప్పుడు కాచి చల్లార్చింది అయితే సరే. తరవాణి మాత్రం మోషన్స్ తగ్గేదాకా వద్దు, రాత్రంతా బయట ఉంచిన నీళ్లు కదా.

చీపురుపల్లి అమ్మ

ఇప్పుడే ఓఆర్‌ఎస్ పట్టాను, ఐదు నిమిషాలకి మొత్తం కక్కేసింది. ఏటి చెయ్యాల?

స్టాఫ్ నర్సు, నరసన్నపేట

పది నిమిషాలు ఆగు. తర్వాత రెండు మూడు నిమిషాలకి ఒక చెంచా, గడియారం చూసుకుంటూ. విసుగు వస్తుంది, చేతులు నొప్పెడతాయి, మీ ఆయనకి కూడా డ్యూటీ వెయ్యి. ఇలా పట్టినా ప్రతిసారీ కక్కేస్తుంటే మాత్రం ఆగకుండా బయల్దేరు.

ఎప్పుడు బయల్దేరాలో కూడా చెప్పేస్తాను, ఇది చదివే మిగతావాళ్లకీ పనికొస్తుంది. ఆరు గంటలు దాటినా ఒంటికి వెళ్లకపోతే, కళ్లు లోపలికి పోయినట్టుంటే, ఏడుస్తున్నా కన్నీళ్లు రాకపోతే, మడత పెట్టిన చర్మం మెల్లగా సర్దుకుంటుంటే, తాగడానికి కూడా ఓపిక లేకుండా తూలిపోతుంటే, మోషన్‌లో రక్తం పడితే, ఫిట్స్ వస్తే. వీటిలో ఏ ఒక్కటున్నా ఆదివారం, సోమవారం చూడకుండా 108కి ఫోన్ చెయ్యి, దారిలో కూడా చెంచాతో పడుతూనే ఉండు, మింగగలిగితేనే. మత్తుగా ఉన్న పిల్ల నోట్లో ఏదీ పొయ్యొద్దు.

విజయనగరం, ఎల్‌కేజీ టీచరు

పాప కోలుకున్నాక చూసుకోవడానికి రాస్తున్నాను. బాటిల్ నిండుగా తిరిగి రావడానికి నా క్లాసులో కనబడేవి రెండే. ఒకటి మూత. గట్టిగా బిగించి పంపుతారు, నాలుగేళ్ల చేతికి అది తిరగదు, పిల్ల సిగ్గుపడి అడగదు, మళ్లీ సంచిలో పెట్టేస్తుంది. ఇంట్లో పిల్లతోనే నాలుగుసార్లు తీయించి చూడండి, రాకపోతే నొక్కితే తెరుచుకునే మూత ఉన్నది కొనండి, బొమ్మ ఏదున్నా పర్లేదు. రెండోది బాత్రూం. వాసన వస్తుందనో, ఒక్కతే వెళ్లాలంటే భయమనో, వెళ్లాల్సి రాకుండా నీళ్లే మానేస్తారు. ముఖ్యంగా ఆడపిల్లలు. టీచరుతో మొహమాటం లేకుండా మాట్లాడండి, మాకు చెప్పకపోతే తెలియదు. ఇప్పుడు చాలా బడుల్లో వాటర్ బెల్ కొడుతున్నారు గానీ బెల్లు కొట్టినంత మాత్రాన పిల్ల తాగదు, పక్కన నిలబడి నాలుగు గుక్కలు తాగించాలి. తీరం దగ్గర మన గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, నీడలో ఆడుకున్నా చొక్కా తడిసిపోతుంది.

కవిటి నుంచి

మాది ఉద్దానం. నీళ్లు అంటేనే మా ఇళ్లలో భయం, కిడ్నీ గొడవ అందరికీ తెలిసిందే. పిల్లలకి ఎక్కువ నీళ్లు పడితే కిడ్నీల మీద భారం పడదా?

స్టాఫ్ నర్సు, నరసన్నపేట

పడదు బాబూ. ఆరోగ్యంగా ఉన్న పిల్లల కిడ్నీకి కావలసిన నీళ్లు అందకపోవడమే కష్టం. ఉద్దానంలో జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, ఎండలో పనిచేస్తూ నీళ్లు సరిగ్గా తాగకపోవడం కూడా ఒకటి కావొచ్చని పరిశోధకుల అనుమానం. మీరు నీళ్లు తగ్గించే ఆలోచన పెట్టుకోవద్దు. డాక్టర్ చెప్పకుండా నొప్పి మాత్రలు, ముఖ్యంగా మోషన్స్ ఉన్నప్పుడు, పిల్లలకి వెయ్యొద్దు, అవి కిడ్నీకి నిజంగా చెడ్డవి.

రాజాం నుంచి ఒక నాన్న

మా చిన్నోడికి ఐదు నెలలు. ఈ ఎండకి నోరు ఎండుతుందని మా అమ్మ చెంచాతో నీళ్లు పడుతోంది.

స్టాఫ్ నర్సు, నరసన్నపేట

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, ఎంత ఎండైనా. పాలల్లోనే కావలసినంత నీరుంది. ఎక్కువసార్లు పాలివ్వమనండి, తల్లిని బాగా తాగమనండి. పసివాడి నడినెత్తి లోపలికి గుంటగా కనబడితే వెంటనే డాక్టర్ దగ్గరికి.

చీపురుపల్లి అమ్మ

మేడమ్, సాయంత్రానికి రెండుసార్లు ఒంటికి వెళ్లింది, ఇప్పుడు రంగు పల్చబడింది. మోషన్ ఇంకోసారి అయింది, వాంతి లేదు. ఆశా అప్ప జింక్ మాత్రలు కూడా ఇచ్చింది, మోషన్ తగ్గాక ఆపేయొచ్చా? మాకు కుళాయి నీళ్లే, 2024లో గుర్లలో అతిసారం వచ్చినప్పటి నుంచి మా వీధిలో అందరికీ భయమే.

స్టాఫ్ నర్సు, నరసన్నపేట

రంగు పల్చబడిందంటే సగం గండం గడిచింది. జింక్ 20 మి.గ్రా. మాత్ర రోజుకొకటి, చెంచా నీళ్లలో కరిగించి, 14 రోజులు. మోషన్ రెండో రోజే ఆగినా 14 రోజులూ వెయ్యాలి, మళ్లీ త్వరగా రాకుండా ఉంటుంది. చేదు రుచి, ఉమ్మేస్తే ఇంకొంచెం నీళ్లలో కలిపి వెయ్యి. కుళాయి నీళ్లు తెర్లేదాకా మరిగించి అదే గిన్నెలో మూత పెట్టి చల్లార్చు, చెయ్యి ముంచి తీయకుండా గరిటె వాడు. పాపకి అన్నం పెట్టేముందు, మోషన్ కడిగాక సబ్బుతో చేతులు కడుక్కో.

చీపురుపల్లి అమ్మ

తప్పకుండా మేడమ్. చివరిది ఒక్కటి. తగ్గాక స్కూలు బాటిల్‌లో రోజూ ఓఆర్‌ఎస్ పోసి పంపితే మంచిదేనా, ఎండలు కదా?

స్టాఫ్ నర్సు, నరసన్నపేట

వద్దు, మామూలు నీళ్లే పంపు. ఓఆర్‌ఎస్ మోషన్స్‌కి, వాంతులకి. 15 కిలోల పిల్లకి రోజు మొత్తం మీద 1250 మి.లీ. దాకా ద్రవం కావాలి, అందులో పాలు, మజ్జిగ, చారు అన్నీ లెక్కే, ఎండాకాలం ఇంకొంచెం పెంచు. లేవగానే అర గ్లాసు, బడి నుంచి రాగానే మజ్జిగ, సాయంత్రం ముంజలో పుచ్చకాయ ముక్కలో, అలా పంచుకుంటే బాటిల్ కోసం గొడవ పడక్కర్లేదు. రేపు పొద్దున్న పాప ఎలా ఉందో రాయి, నేను డ్యూటీకి వెళ్లేముందు చూస్తాను.