పి0118 కోడ్: టెంపరేచర్ ముల్లు లేవదు, ఫ్యాన్ ఆగదు

ప్రశ్న (అనంతపురం):
పెట్రోల్ కారు. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్ పెడితే పి0118, అంటే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ సర్క్యూట్ హై. టెంపరేచర్ ముల్లు అడుగునే ఉంది. ఫ్యాన్ మాత్రం స్టార్ట్ చేసిన వెంటనే తిరుగుతా ఉంది. 'హై' అని ఉంది కదా, హీటెక్కుతోంది, థర్మోస్టాట్ మార్చాలంటున్నాడు మెకానిక్. మార్చేదా?

జవాబు (కర్నూలు):
థర్మోస్టాట్ జోలికి పోవద్దన్నా. ఇక్కడ హై అంటే వోల్టేజీ, వేడి కాదు. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) 5 వోల్టులు ఇస్తుంది, ఈ సెన్సర్ వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గి అది పడిపోతుంది. వైరు తెగినా, పిన్ను వదులైనా 5 అట్లే నిలబడుతుంది. ఈసీయూకి అది మైనస్ 40 డిగ్రీలు! అనంతపురంలో అది జరగని పని కాబట్టి జాగ్రత్తకి ఫ్యాన్ తిప్పేస్తుంది.

స్కానర్ లైవ్ డేటాలో మైనస్ 40 ఉంటే, ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి, సెన్సర్ కనెక్టర్ పీకి, వైర్లున్న కనెక్టర్ వైపు రెండు పిన్నులూ వైరు ముక్కతో కలుపు. రీడింగ్ 130 పైకి ఎగిరిందంటే వైరింగ్, ఈసీయూ బాగున్నట్టే. కదల్లేదా, 5 వోల్టులు వచ్చే పిన్నును ఇంజిన్ ఎర్త్‌కి తాకించు. అప్పుడు ఎగిరితే సెన్సర్ గ్రౌండ్ (ఎర్త్) వైరు తెగినట్టు. ఎలుకలు కొరికే చోట్లు ముందు చూడు. 3 పిన్నుల సెన్సరైతే మాత్రం వైరింగ్ డయాగ్రమ్ లేకుండా ఏదీ కలపొద్దు.

జవాబు (కడప):
కొత్తది కొనే ముందు సెన్సర్‌ను మల్టీమీటర్‌తో కొలవండి. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓంలు, 80 దగ్గర 300 ఓంల చుట్టూ ఉంటుంది. మన ఎండలకు బండి చల్లగా ఉన్నా 1 కిలో ఓం చూపించొచ్చు, అది చూసి పారేయొద్దు. ఓఎల్ (లోపల సర్క్యూట్ తెగింది అని) వస్తే పోయినట్టే. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పండి. కారిన కూలెంట్‌కు బదులు బోరునీళ్లు పోయొద్దు, సున్నం పొర కడుతుంది. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయండి.

అడిగినాయన:
పిన్నులు కలిపితే ఎగిరింది. సెన్సర్ ఓఎల్. మార్చినాక ముల్లు లేవకపోతే?

జవాబు (కర్నూలు):
పిన్నులు కలిపినందుకు పి0117 (అదే సర్క్యూట్ లో వోల్టేజీ) కోడ్ కూడా పడి ఉంటుంది, రెండు కోడ్లూ చెరిపేయి. తర్వాత స్కానర్‌లో 90 ఉండి ముల్లు పడుకునే ఉంటే తప్పు డ్యాష్‌బోర్డు మీటర్ వైపు. పాత మోడళ్లలో మీటర్‌కు వేరే సింగిల్ వైరు సెన్సర్ ఉంటుంది, దాన్ని చూడు. పెట్రోల్ ముల్లు కూడా తిక్కతిక్కగా ఆడుతుంటే మీటర్ ఎర్త్ బోల్టు గీకి బిగించు.