టవర్‌లో మాయమైన పిల్లలు: మూడో రిచర్డ్ దోషేనా?

మొదటి పోస్టు
2012లో లెస్టర్ నగరంలో కారు పార్కింగ్ కింద ఒకప్పటి ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ అస్థిపంజరం దొరికింది. అప్పటినుంచి "పాపం, గెలిచినవాళ్ళు ఆయన్ని చెడ్డవాడిగా రాశారు" అనే మాట ఎక్కువగా వినిపిస్తోంది. నాకు మాత్రం ఆయన మీద జాలి కలగడం లేదు.

1483 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ రాజు నాలుగో ఎడ్వర్డ్ పోయాడు. పెద్దకొడుక్కి 12 ఏళ్ళు, చిన్నవాడికి 9. లడ్లో నుంచి లండన్ వస్తున్న పెద్దవాణ్ణి దారిలోనే బాబాయి రిచర్డ్ తన చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత లండన్ టవర్ అనే కోటలో ఉంచారు. తల్లి ఎలిజబెత్ వుడ్‌విల్ భయపడి, మిగతా పిల్లలతో వెస్ట్‌మినిస్టర్‌లో చర్చి ఆశ్రయంలో ఉంటే, జూన్ 16న చిన్నవాణ్ణి కూడా తెప్పించుకున్నారు. పది రోజులు తిరిగేసరికి బాబాయే రాజు! కంచే చేను మేయడం అంటే ఇదే కదా. పిల్లలు కిటికీల దగ్గర కనబడటం రోజురోజుకీ తగ్గి, చివరికి పూర్తిగా ఆగిపోయిందని అప్పట్లో లండన్‌లో ఉన్న ఇటలీవాడు మాన్చీనీ రాశాడు.

జవాబు
కనబడకపోవడం వేరు, చంపడం వేరు అండీ. ఆ తల్లే 1484 మార్చిలో తన కూతుళ్ళను అదే రిచర్డ్ మాట మీద బయటికి పంపింది. కొడుకుల్ని చంపినవాడి చేతిలో ఏ తల్లయినా ఆడపిల్లల్ని పెడుతుందా?

ఏడో హెన్రీ సంగతి కూడా చూడండి. 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో రిచర్డ్‌ను ఓడించి రాజయ్యాడు. ఈ పిల్లల అక్కను పెళ్ళాడటానికి, నాలుగో ఎడ్వర్డ్ సంతానం అక్రమమన్న రిచర్డ్ చట్టాన్ని రద్దు చేయించాడు, ప్రతులు కూడా నాశనం చేయమన్నాడు. దాంతో అక్కతో పాటు తమ్ముళ్ళూ సక్రమ వారసులైపోయారు. వాళ్ళు బతికుంటే సింహాసనం వాళ్ళదే. మరి వాళ్ళు లేకపోవడం ఎవరికి ఎక్కువ అవసరం?

మొదటి పోస్టు రాసినవారు
హెన్రీకి అవసరం ఉందని ఒప్పుకుంటాను. కానీ బాస్‌వర్త్ దాకా టవర్ రిచర్డ్ చేతిలోనే ఉంది. ఆ తల్లి కూడా ఊరికే పంపలేదు. కూతుళ్ళ ప్రాణాలకు హాని చేయనని ప్రభువుల ముందు, లండన్ మేయర్ ముందు ప్రమాణం చేయించుకుంది. నమ్మకం ఉన్నచోట అంత ప్రమాణం ఎందుకు?

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇంకొకటి. 1483లోనే పిల్లలు చనిపోయారని పుకారు లేచింది. తిరుగుబాటూ వచ్చింది. రిచర్డ్ వాళ్ళను ఒక్కసారి జనానికి చూపిస్తే సరిపోయేది, చూపించలేదు. 1487లో ఒక అబ్బాయి తానే వారిక్ ప్రభువునని (రిచర్డ్‌కు ఇంకో అన్న కొడుకు, సింహాసనానికి హక్కు చెప్పుకోగలవాడు) బయల్దేరితే, హెన్రీ అసలు వారిక్‌ను టవర్ నుంచి తెచ్చి లండన్ వీధుల్లో నడిపించాడు. బతికున్నవాళ్ళను చూపించడం అంత తేలిక.

మరొకరు
1674లో టవర్ మెట్ల కింద పిల్లల ఎముకలు దొరికితే, అప్పటి రాజు రెండో చార్లెస్ వాటిని వెస్ట్‌మినిస్టర్ ఆబీ చర్చిలో పెట్టించాడు. 1933లో పరీక్షించారు, కానీ అప్పటికి డీఎన్ఏ పరీక్ష లేదు. వాటిని మళ్ళీ తెరవాలి. అవి వాళ్ళవేనని తేలినా చంపినవాడి పేరు దొరకదు, నిజమే. కనీసం ఆ పిల్లలెక్కడ ఉన్నారో తెలుస్తుంది.

జవాబు రాసినవారు
తెరవాలన్న మాటకు నేనూ ఒప్పుకుంటాను. వారిక్ సంగతికి నా దగ్గర సమాధానం లేదు. అయినా సాక్షి ఒక్కరూ లేనిచోట హంతకుడని రాయడానికి నాకు చెయ్యి రాదు.