అప్‌డేట్: సింగపూర్‌కు వెళ్లాల్సిన ఎండు మొక్కల పార్సిల్ ఎందుకు ఆగిందో తెలిసింది

హైదరాబాద్ నుంచి సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ హెర్బేరియంకు (ఎండు మొక్కలను భద్రపరిచే చోటు) మార్పిడి కింద పంపిన 40 షీట్ల (కాగితానికి అతికించిన ఎండు మొక్కల) పార్సిల్ తిరిగొచ్చిందని, కారణమేమిటని అడిగాను కదా. విషయం తేలింది. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పురుగుల భయమేమోనని షీట్లను మళ్లీ వారం రోజులు మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాను. అది ఎలాగూ చేయాల్సిందే కానీ ఈ చిక్కుకు సంబంధం లేదు. జీవవైవిధ్య చట్టం అనుమతి ముందే ఉంది. పురుగులు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ పూయమన్నవారికి ఒక మాట: అది మనుషులకూ విషమే, వద్దు.

పనిచేసింది "జాబితా మళ్లీ చదవండి" అన్న సలహా. మా క్యురేటర్ మేడమ్ ఫోల్డర్లు ఒక్కొక్కటే విప్పుతూ, గడ్డి జాతుల మధ్య వాండా అనే ఆర్కిడ్ మొక్కల షీట్లు రెండు బయటకు తీశారు. పూలు ఎండి టీ పొడి రంగుకు తిరిగాయి, వేళ్లకు మామిడి బెరడు ఇంకా అంటుకునే ఉంది. ఆర్కిడ్ కుటుంబమంతా సైటిస్ (ముప్పున్న మొక్కలు, జంతువులను దేశాలు దాటించడానికి అనుమతి పత్రాలు కోరే అంతర్జాతీయ ఒప్పందం) కిందికి వస్తుంది, ఎండినవి కూడా. నమోదైన శాస్త్రీయ సంస్థల మధ్య మార్పిడికి లేబుల్‌తో మినహాయింపు ఉంది. మా సంస్థ నమోదు కాలేదు కాబట్టి అది మాకు వర్తించలేదు, పార్సిల్ ఆగింది.

ఆ రెండూ తీసేసి 38 పంపాం. చేరాయి. బదులుగా అల్లం కుటుంబపు షీట్లు వస్తున్నాయి.