"వరకు" అంటే చేరినట్టా, చేరనట్టా? ప్రాసెసర్ పెట్టె మీది ఒక మాట

ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. మా తమ్ముడు ఈమధ్య కొత్త కంప్యూటర్ కూర్పించుకున్నాడు. ప్రాసెసర్ పెట్టె మీద ఇంగ్లిషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటే "4.7 గిగాహెర్ట్జ్ వరకు" అని. వేగం చూపించే ప్రోగ్రాం తెరిచి పెట్టుకుని ఎన్ని రకాల పనులు చేయించినా, అత్యధిక వేగం 4,690 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగింది (4.7 గిగాహెర్ట్జ్ అంటే 4,700 మెగాహెర్ట్జ్). "చెప్పిన వేగం ఇవ్వలేదక్కా" అంటాడు వాడు. "వరకు అన్నారు కదరా, 4.7 ఇచ్చి తీరుతామని ఎవరూ అనలేదు" అన్నాను నేను. మా ఇద్దరిలో "వరకు" ఎవరికి సరిగా అర్థమైంది? ఒక పత్రికకు సాంకేతిక వ్యాసాలు తెలుగులో రాస్తుంటాను. ఈ మాట లేకుండా నాకు పూట గడవదు. అందుకే అడుగుతున్నాను.

జవాబు:

అమ్మా, మీ అక్కాతమ్ముళ్ల వాదానికి రెండు వేల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ముందు మన వాడుక చూద్దాం.

"మోకాలి వరకు నీళ్లు వచ్చాయి" అంటే మోకాలు తడిసింది. "విజయవాడ వరకు టికెట్టు తీసుకున్నాను" అంటే విజయవాడలో దిగుతాను, కృష్ణ ఇవతల కాదు. ఇక్కడ హద్దు కూడా లెక్కలోనే ఉంది. "నువ్వు వచ్చే వరకు అన్నం తినను" అన్నప్పుడు అలా కాదు. నువ్వు గుమ్మంలో అడుగుపెట్టగానే ఆ గడువు తీరిపోయింది, ఇద్దరం కలిసి తింటాం. ఇక్కడ హద్దు లెక్కకు బయట ఉంది. "సోమవారం వరకు బడికి సెలవు" అని ప్రకటన వస్తే సోమవారం పొద్దున పిల్లవాణ్ణి తయారుచేసి పంపాలా వద్దా అని ప్రతి ఇంట్లోనూ సందేహమే. జాగ్రత్తగా రాసేవారు "మంగళవారం తిరిగి తెరుస్తారు" అని ఇంకో ముక్క కలుపుతారు. "దాకా"తోనూ, పాత కావ్యాల్లో కనిపించే "దనుక"తోనూ ఇదే పేచీ.

సంస్కృతంలో ఈ పనిని "ఆ" అనే చిన్న మాట చేస్తుంది. దాని గురించి పాణిని అష్టాధ్యాయిలో ఒక సూత్రమే పెట్టాడు: "ఆఙ్ మర్యాదాభివిధ్యోః" (2-1-13). మర్యాద అంటే హద్దును విడిచిపెట్టిన లెక్క. అభివిధి అంటే హద్దును కలుపుకున్న లెక్క. "తేన వినా మర్యాదా, తేన సహ అభివిధిః" అని వ్యాకరణం చదువుకున్నవారికి నోటికి వచ్చే వివరణ. మర్యాదకు ఉదాహరణ "ఆపాటలిపుత్రం వృష్టో దేవః". వాన పాటలిపుత్రం వరకు కురిసింది, ఊళ్లో మాత్రం కురవలేదు. అభివిధికి ఉదాహరణ "ఆకుమారం యశః పాణినేః". పాణిని కీర్తి పిల్లల వరకు పాకింది, పిల్లలకూ తెలుసు. మనం రోజూ వాడే ఆబాలగోపాలం, ఆసేతుహిమాచలం, ఆజానుబాహువు అన్నీ అభివిధులే. హిమాలయాన్ని వదిలేసి ఆసేతుహిమాచలం అని ఎవరూ అనరు.

మీ తమ్ముడు పెట్టె మీది మాటను అభివిధిగా చదివాడు, మీరు మర్యాదగా చదివారు. వ్యాకరణం ఇద్దరికీ చోటిస్తుంది. అయితే ప్రాసెసర్ల విషయంలో ఈ తగవు 2019లో ఒకసారి బహిరంగంగా నడిచింది, నా దృష్టిలో తేలింది కూడా. తేలింది మీ తమ్ముడి వైపు.

ఆ ఏడాది జూలై 7న ఏఎండీ సంస్థ రైజెన్ 3000 వరుసను విడుదల చేసింది. అందులో 12 కోర్ల (కోరు అంటే ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే ఒక్కో భాగం) రైజెన్ 9 3900ఎక్స్‌కు మూల వేగం 3.8 గిగాహెర్ట్జ్, గరిష్ఠ బూస్ట్ వేగం, అంటే అవసరాన్ని బట్టి కొద్దిసేపు ఎగసే వేగం, 4.6 అని ప్రకటించింది. కొన్నవారిలో చాలామందికి ఆ 4.6 కనిపించనే లేదు. కొంచెం కిందనే ఆగిపోయేది. సెప్టెంబరు మొదట్లో జర్మనీకి చెందిన ఓవర్‌క్లాకర్ (ప్రాసెసర్లను ప్రకటించిన దానికంటే ఎక్కువ వేగంతో నడిపించే నిపుణుడు) డేర్‌బావర్ తన ప్రేక్షకుల నుంచి లెక్కలు సేకరించి ప్రకటించారు. 3900ఎక్స్ వాడుతున్నవారిలో 4.6 చూసినవారు 5.6 శాతమే. ఎవరికి వారు కొలిచి పంపిన లెక్కలు కనుక వాటిని యథాతథంగా అందరికీ వర్తింపజేయకూడదు. అయినా అంత పెద్ద తేడాను కొలతల్లో పొరపాటని తోసేయడం కుదరదు.

అప్పుడు చాలామంది సరిగ్గా మీరన్న మాటే అన్నారు: "వరకు అన్నారు కదా." ఆ మాట చాటున దాక్కోవడానికి సంస్థకు వీలుంది. కానీ దాక్కోలేదు. కొన్ని సందర్భాల్లో బూస్ట్ వేగాన్ని తగ్గిస్తున్న లోపం తమ ఫర్మ్‌వేర్‌లో (ప్రాసెసర్ నడకను అదుపు చేసే లోపలి ప్రోగ్రాంలో) ఉందని ఒప్పుకుని, సెప్టెంబరు 10న సవరణ ప్రకటించింది. పనిని బట్టి సుమారు 25 నుంచి 50 మెగాహెర్ట్జ్ పెరుగుతుందని చెప్పింది. మదర్‌బోర్డు తయారీదారులు దాన్ని కొత్త బయోస్‌లో (కంప్యూటర్ వేయగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రాంలో) కలిపి అందించారు. అంకె చిన్నదే, కానీ భాష వైపు నుంచి చూడండి. హద్దు బయటిదే అయితే ఇందులో లోపమనేదే లేదు, సవరించేదీ లేదు. గరిష్ఠ బూస్ట్ అంటే ఏమిటో ఆ సంస్థ ఇచ్చుకున్న నిర్వచనం కూడా ఇదే చెబుతుంది: ఒకే పోగుతో (థ్రెడ్, అంటే ఒకే వరుసలో సాగే పని), ఉండి ఉండి ఎగసే పనిని నడుపుతున్నప్పుడు ప్రాసెసర్‌లోని ఒక కోరు అందుకోగల అత్యధిక వేగం. "అందుకోగల" అన్నాక అందుకోవాలి. అది అభివిధి.

అయితే ఆ నిర్వచనంలో ఇంకో సంగతి ఉంది. "ఒక కోరు" అన్నారు, "ఉండి ఉండి" అన్నారు. పన్నెండు కోర్లూ కలిసి అంత వేగంతో గంటసేపు పనిచేస్తాయని ఎక్కడా లేదు. 3900ఎక్స్‌లో అన్ని కోర్ల మీదా భారం పడితే ప్రాసెసర్ 142 వాట్ల విద్యుత్ పరిమితికి లోబడి 4 గిగాహెర్ట్జ్ దరిదాపులకు దిగుతుంది. కాబట్టి తెలుగులో రాసేటప్పుడు "వరకు" కంటే ముందు తేల్చుకోవలసింది క్రియ. "చేరుతుంది" వేరు, "నిలుస్తుంది" వేరు. పెట్టె మీద క్రియ ఉండదు. పాఠకుడు తనకు ఇష్టమైన క్రియను వేసుకుంటాడు, సాధారణంగా "నిలుస్తుంది" అనే వేసుకుంటాడు.

వ్యాఖ్య:

అయ్యా, నేను కోర్టు పత్రాలు అనువదిస్తాను. మా దగ్గర "మూడేళ్ల వరకు జైలు శిక్ష" అని రాస్తాం. మూడేళ్లు కూడా అందులో ఉంది కనుక మీ లెక్కన ఇదీ అభివిధే. అయినా న్యాయమూర్తి మూడు నెలలు వేస్తే ఎవరూ తప్పుపట్టరు. ప్రాసెసర్‌కు మాత్రం చేరి తీరాలన్న నియమం ఎందుకు? అక్కగారి మాటే సమంజసంగా ఉంది కదా.

జవాబు:

మంచి ఉదాహరణ తెచ్చారు. ఈ "వరకు"లో హద్దు లోపలిదే, కానీ మాట ఇవ్వడం లేదు, అధికారం ఇస్తోంది. న్యాయమూర్తికి అంతదాకా వెళ్లే వీలుందని మాత్రమే అర్థం. పైగా ఆ వాక్యం నేరాల తరగతి మొత్తానికి సంబంధించినది, ఫలానా ముద్దాయికి కాదు.

పెట్టె మీది మాటకు దగ్గరగా ఉండేది పండగల బట్టల దుకాణం బోర్డు. "50 శాతం వరకు తగ్గింపు" అని రాశారంటే ప్రతి చీరా సగం ధరకు ఇవ్వనక్కర్లేదు. కానీ ఆ దుకాణంలో ఒక్క చీరైనా సగం ధరకు ఉండాలి. ఒక్కటీ లేకపోతే ఆ బోర్డు అబద్ధం. పక్క వీధిలోని వాళ్ల ఇంకో దుకాణంలో ఉందంటే సరిపోదు. ప్రాసెసర్‌లోనూ అంతే: ప్రతి కోరూ, ప్రతి క్షణమూ అవసరం లేదు. నేను కొన్న ఈ ప్రాసెసర్‌లో ఒక్క కోరు, ఒక్కసారి, తగిన పని దొరికినప్పుడు ఆ అంకెను తాకాలి. అంతకు తక్కువైతే అమ్మినవారిని అడిగే హక్కు కొనుగోలుదారుకు ఉంది.

తాకిందో లేదో చూడటంలోనే చిక్కంతా ఉంది. అక్కగారి తమ్ముడు ఇలా చూడాలి. విండోస్ టాస్క్ మేనేజర్ ప్రాసెసర్ మొత్తానికి ఒకే అంకె చూపిస్తుంది, ఈ పనికి అది చాలదు. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో లాంటి ప్రోగ్రాంలో ఒక్కో కోరుకు ఒక్కో వరుస ఉంటుంది, పక్కన కనిష్ఠం, గరిష్ఠం, సగటు ఉంటాయి. మిగతా ప్రోగ్రాంలన్నీ మూసేసి, సినీబెంచ్ అనే వేగ పరీక్ష ప్రోగ్రాంలో ఒకే పోగు పరీక్ష నడపాలి. అన్ని కోర్ల పరీక్ష నడిపి "4.7 రాలేదు" అనడం అన్యాయం. కోర్లన్నీ సమానం కావు కూడా. తయారైనప్పుడే వాటిలో ఒకటో రెండో మెరుగ్గా ఉంటాయి, పైవేగం చాలాసార్లు వాటికే అందుతుంది. పరీక్షను పట్టుబట్టి వేరే కోరుకు కట్టేస్తే అంకె తగ్గవచ్చు.

రైజెన్ 3000 లాంటి ప్రాసెసర్ తన వేగాన్ని మిల్లీసెకన్ల వ్యవధిలో మార్చుకుంటుంది. కొలిచే ప్రోగ్రాం మామూలుగా రెండు సెకన్లకోసారి తొంగిచూస్తుంది. మధ్యలో ఎగసి దిగిన వేగం దానికి కనిపించదు. పోనీ మరీ తరచుగా చూడమంటే, ఆ చూడటమే ఒక పని అవుతుంది. నిద్రలో ఉన్న కోర్లు లేస్తాయి, విద్యుత్ ఖర్చవుతుంది, పైవేగానికి ఉన్న వెసులుబాటు తగ్గుతుంది. అరసెకను విరామం పెట్టుకుని ఒకే పోగు పరీక్షను కొన్ని నిమిషాలు నడిపితే నమ్మదగిన ఫలితం వస్తుంది. అదే ప్రోగ్రాంలో "ఎఫెక్టివ్ క్లాక్" అనే ఇంకో వరుస ఉంటుంది. కోరు నిద్రపోయిన సమయాన్ని కూడా కలిపి తేల్చే సగటు అది. ఇందాకటి రెండు క్రియలు ఇక్కడ కంటికి కనిపిస్తాయి: మామూలు క్లాక్ వరుసలో గరిష్ఠం "చేరింది" చెబుతుంది, ఎఫెక్టివ్ క్లాక్ సగటు "నిలిచింది" చెబుతుంది.

ఇక ఆ 4,690. వేగమన్నది ఒక లబ్ధం. మదర్‌బోర్డు ఇచ్చే బేస్ క్లాక్‌ను ప్రాసెసర్ గుణకంతో హెచ్చిస్తే వచ్చేది. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్ ఉండాలి, కానీ చాలా బోర్డుల్లో 99.8 దగ్గర ఉంటుంది. 99.8ని 47తో హెచ్చిస్తే 4,690.6. మీ తమ్ముడికి కనిపించిన అంకె ఇదే అనిపిస్తోంది. గరిష్ఠ గుణకం 47 అని చూపిస్తే ప్రాసెసర్ తన మాట నిలబెట్టుకున్నట్టే. ఆ పది మెగాహెర్ట్జ్‌ల తేడా బోర్డుది. 2019 నాటి సంగతికీ దీనికీ పోలిక లేదు, అక్కడ గుణకమే పైకి వెళ్లలేదు.

ప్రశ్న అడిగినవారు:

ఇప్పుడే వాడి చేత చూపించాను. బేస్ క్లాక్ 99.8, గరిష్ఠ గుణకం 47. రెండు కోర్లకే ఆ 47 వచ్చింది, మిగతావి కిందనే ఉన్నాయి. వాడు శాంతించాడు. అర్థం విషయంలో వాడే గెలిచాడని నేనూ ఒప్పుకుంటున్నాను. అయితే వ్యాసంలో "గరిష్ఠంగా 4.7" అని రాస్తే ఈ గొడవ తప్పుతుందా?

జవాబు:

తప్పదమ్మా. "గరిష్ఠంగా" కూడా పైకప్పునే చెబుతుంది, ఎవరు తాకుతారో, ఎప్పుడు తాకుతారో చెప్పదు. షరతును వాక్యంలోకి తేవడం ఒక్కటే దారి. ఇంటెల్ కోర్ ఐ9-10900కె చూడండి. 2020లో వచ్చిన ఆ ప్రాసెసర్‌కు 5.3 గిగాహెర్ట్జ్ అని ప్రకటన. ఆ చివరి మెట్టు ఎక్కాలంటే ప్రాసెసర్ వేడి 70 డిగ్రీలు గానీ అంతకు తక్కువ గానీ ఉండాలి. దాటితే 5.2కు దిగుతుంది. కూలర్ ఎంత మంచిదైనా గదిలోని గాలితోనే చల్లార్చాలి. గది వేడి 25 నుంచి 40కి పెరిగితే అదే పని చేసే ప్రాసెసర్ వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో కూర్చున్నవారికి ఆ షరతు పెద్ద విషయం. వారి కోసం రాసే తెలుగు వ్యాసంలో అది అడుగున చిన్న అక్షరాల్లో ఉండకూడదు.

మూల వేగానికి (10900కెకు అది 3.7) "తగ్గదు" అన్న క్రియ వాడండి: "తగిన చల్లదనం ఉంటే, ప్రకటించిన విద్యుత్ పరిమితిలో మామూలు భారం మీద 3.7 కంటే తగ్గదు." బూస్ట్‌కు "చేరుతుంది" వాడండి, కర్తగా ప్రాసెసర్‌ను కాకుండా కోరును పెట్టండి: "70 డిగ్రీలు మించకుండా ఉన్నప్పుడు, ఒకే పోగు పని మీద, ఇందులోని ఒక కోరు కొద్దిసేపు 5.3కు చేరుతుంది." వాక్యం పొడవైంది నిజమే. పత్రికలో చోటు చాలకపోతే పక్కనున్న పట్టికలోంచి ఒక గడి తీసేయండి, ఈ వాక్యాన్ని మాత్రం కుదించకండి.

వ్యాఖ్య:

అన్ని కోర్లూ కలిసి పనిచేసేటప్పుడు ఉండే వేగానికి "నిలకడ వేగం" అందామా?

జవాబు:

అనండి, చక్కగా ఉంది. అయితే ఎంతసేపు నడిపాక కొలిచారో కూడా పక్కనే రాయాలి. 10900కెకే ఇంటెల్ సూచించిన లెక్కలో 250 వాట్ల వెసులుబాటు 56 సెకన్ల సమయ ప్రమాణానికి కట్టుబడి ఉంటుంది, తర్వాత 125 వాట్లకు దిగాలి. చాలా మదర్‌బోర్డులు ఆ పరిమితిని ఎత్తేసి అమ్ముతాయి, అందువల్ల బోర్డును బట్టి అంకె మారుతుంది. మొదటి నిమిషంలో కొలిచినదాన్ని నిలకడ వేగం అనకండి. పదో నిమిషంలో కొలిచి, బోర్డు పేరు, గది వేడి పక్కన వేసి అనండి.