పెరట్లో టర్కీ కోళ్లు: మచ్చిక అవుతాయా, మీద పడతాయా?

పెరటి మనిషి:
మాకు ఆరు కోళ్లున్నాయి. వాటితో పాటు రెండు టర్కీ పిల్లల్ని తెమ్మని మా పిల్లలు పట్టుబడుతున్నారు. కోసుకోవడానికి కాదండీ, పెంచుకోవడానికే. కుక్కపిల్లలా వెంట తిరుగుతాయని కొందరు, మనిషి మీదికి దూకుతాయని కొందరు చెబుతున్నారు. ఏది నిజం?

మబ్బుల గూడు:
తప్పకుండా తెచ్చుకోండి. మా పెట్టలు రెండూ నాలుగేళ్లుగా మాతోనే ఉన్నాయి. నేను అరుగు మీద కూర్చుంటే ఒకటి వచ్చి పక్కన ఒదిగి పడుకుంటుంది. మెడ నిమిరితే కళ్లు మూసుకుని సన్నగా గురగురలాడుతుంది. ఇంటి మనిషెవరో, కొత్తవారెవరో వాటికి బాగా తెలుసు. ఇంత చనువు నేను కోళ్లలో చూడలేదు.

చెట్టు నీడ:
పెట్టల సంగతి ఒప్పుకుంటాను. పుంజు మాటేమిటి? మాది ఒక్కటే పిల్ల, చేతుల్లోనే పెరిగింది. ఏడాది తిరిగాక జతకట్టే కాలంలో తోక విప్పి, రెక్కలు నేలకు రాస్తూ మా అమ్మ మీదికి ఎగబడింది. మనుషుల మధ్యే పెరిగిన పుంజు మనల్ని తన జాతే అనుకుంటుంది, అందుకే మనతో పోటీకి దిగుతుంది. పైగా తలుపు చప్పుడైనా చాలు, గొంతెత్తి బదులిస్తుంది. పక్కింటివాళ్లు ఎన్నాళ్లు ఓర్చుకుంటారు?

మబ్బుల గూడు:
ఒంటరిగా పెంచడమే అక్కడ జరిగిన పొరపాటు. మూడు నాలుగు పిల్లల్ని కలిపి పెంచితే అవి ఒకదానికొకటి తోడవుతాయి. పుంజు తల రంగు గమనించడం కూడా అలవాటు చేసుకోవాలి. ఎరుపు, నీలం, తెలుపు అలా మారుతూ ఉంటే అది ఉద్రేకంలో ఉన్నట్టే. అప్పుడు దాని జోలికి పోకూడదు.

దాణా బస్తా:
మీరిద్దరూ స్వభావం గురించే మాట్లాడుతున్నారు. నా టెన్షన్ అంతా ఆ ఆరు కోళ్ల గురించి. బ్లాక్‌హెడ్ అనే జబ్బుంది. హిస్టోమోనాస్ అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. కోడి పేగులో ఉండే చిన్న పురుగు గుడ్లలో అది దాక్కుని రెట్టతో నేలలో కలుస్తుంది, వానపాముల్లోకీ చేరుతుంది. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. కోడికి చాలాసార్లు ఏమీ కాదు. టర్కీకి మాత్రం కాలేయం పాడై, పసుపు రంగు రెట్ట వేసి, కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. మా ఐదూ అలాగే పోయాయి. మా పాప ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది, నేను ఏమీ చేయలేకపోయాను. దయచేసి కోళ్లు తిరిగిన నేల మీద టర్కీలను వదలకండి.

రకం కూడా చూసుకోండి. మాంసం కోసం తయారు చేసిన వెడల్పు రొమ్ము తెల్ల రకంలో పుంజు పదిహేను కిలోలు దాటిపోతుంది. కాళ్లు, గుండె ఆ బరువు మోయలేవు, జతకట్టడం కూడా దానివల్ల కాదు. రాయల్ పామ్, బర్బన్ రెడ్ లాంటి పాత రకాలు తేలిగ్గా ఉంటాయి, ఎక్కువ కాలం బతుకుతాయి.

మబ్బుల గూడు:
మా కోళ్లూ టర్కీలూ మొదటి నుంచీ కలిసే తిరుగుతున్నాయండీ. ఇంతవరకు ఏమీ కాలేదు.

దాణా బస్తా:
మీ నేలలో ఆ జబ్బు లేదేమో, సంతోషం. రేపు బయటి నుంచి ఒక్క కోడి వచ్చి చేరితే? మాకు అలాగే వచ్చింది.

పెరటి మనిషి:
మా పెరడంతా కోళ్లు ఏళ్లుగా తిరిగిందే. ఇంటి ముందు వైపు మాత్రం వాటిని ఎప్పుడూ వదల్లేదు. అక్కడ వేరే కంచె వేస్తే సరిపోతుందా?

దాణా బస్తా:
వేయండి. అటు వెళ్లేటప్పుడు చెప్పులు మార్చుకోండి, పార, గిన్నెలు కూడా విడిగా ఉంచండి. టర్కీ పిల్లలకు మొదటి వారం దాదాపు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించండి. దాణాలో ప్రోటీన్ 28 శాతం దాకా ఉండాలి, కోడిపిల్లల దాణా చాలదు. తినడం, తాగడం మనమే ముక్కు ముంచి నేర్పాలి.

చెట్టు నీడ:
రెండూ పెట్టలైతే నాకూ అభ్యంతరం లేదు.