నాణెం స్లాబ్ మూల పగిలింది, పైన గీతలు కూడా. పగలగొట్టి తీసేయాలా?

గుంటూరు_రూపాయి:
అందరికీ నమస్కారం. 1911 జార్జి రూపాయి కొన్నాను, అదే, రాజు మెడలో ఏనుగు పందిలా ఉందని గొడవైన రూపాయి. స్లాబ్‌లో ఉంది, అంటే గ్రేడింగ్ కంపెనీ నాణేన్ని పరీక్షించి, గ్రేడు లేబుల్‌తో సీలు వేసిచ్చే ప్లాస్టిక్ డబ్బా. గ్రేడు ఎంఎస్ 62, అంటే చేతులు మారి అరగని నాణెం. నిన్న కొరియర్ వచ్చింది, కవరు తీస్తే లోపల ఒక్క పొర కాగితం, అంతే. కింద కుడి మూల గోరంత ముక్క ఊడింది, అక్కడ మొదలైన వెంట్రుకంత పగులు నాణెం అంచు దాకా వచ్చి ఆగింది. రాజు ముఖం మీద గీతలు చూసి గుండె జారిపోయింది. లైటు కింద అటూఇటూ వంచితే గీతల నీడ నాణెం మీద కదులుతోంది, అంటే గీతలు ప్లాస్టిక్‌వే, హమ్మయ్య. అమ్మినాయన కొరియర్ వాళ్లని అడగమంటాడు, వాళ్లేమో ప్యాకింగ్ బాలేదంటారు. పగులుకి ఫెవిక్విక్ పెడదామా? లేక పగలగొట్టి నాణేలు దాచే మామూలు గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో, అదే క్యాప్సూల్లో వేసుకోనా?

వెండిపిచ్చి:
అన్నా, ఫెవిక్విక్ మాత్రం వద్దు, దండం పెడతా. అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరి చుట్టుపక్కల తెల్లటి పొరలా పట్టేస్తుంది, ఆ పగులులోంచి లోపలికి పోయిందంటే ఇక స్లాబ్ తోనే ఆగదు. నెయిల్ పాలిష్ రిమూవర్ కూడా వద్దు, అసిటోన్ వెండిని ఏమీ చేయదు గానీ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. పగలగొట్టావా, లేబుల్ దాచుకున్నా సరే, గ్రేడుకి హామీ అక్కడితో సరి. గీతలకైతే కార్లకి వాడే ప్లాస్టిక్ పాలిష్ ఒక్క చుక్క, మైక్రోఫైబర్ గుడ్డ, గట్టిగా నొక్కకుండా గుండ్రంగా రుద్దడమే. నేను మూడు స్లాబ్‌లకి చేశాను, లోతు గీతలు పోలేదు గానీ మసక పోయింది. నీ దాంట్లో పగులు వైపు మాత్రం తడి తగలనివ్వకు.

పాతకాసు:
పాలిష్ సంగతి తర్వాత బాబూ. ముందు లేబుల్ మీది నంబరు గ్రేడింగ్ కంపెనీ సైట్‌లో కొట్టి చూడు, పీసీజీఎస్, ఎన్‌జీసీ రెండింటికీ ఆ సదుపాయం ఉంది. ఫోటో ఉంటే నాణెం మీది మచ్చలు ఒక్కొక్కటీ పోల్చుకో. అంచు విప్పి నాణెం మార్చి మళ్లీ అతికించే ఘనులు ఉన్నారు. అతుకు దగ్గర జిగురు మరకలు, తెల్లగా నలిగిన గుర్తులు ఉంటే కొరియర్ దెబ్బ కాకపోవచ్చు.

కొత్త హోల్డర్‌లో వేసిచ్చే సర్వీసు ఉంది, రీహోల్డర్ అంటారు. కానీ దానికోసం అమెరికా పంపుదామనుకునేవు, నీది వందేళ్లు దాటిన నాణెం, 1972 పురావస్తు చట్టం ప్రకారం మనలాంటివాళ్లు దేశం దాటించడం నేరం. ఈ మాట చాలామంది డీలర్లు చెప్పరు.

గుంటూరు_రూపాయి:
బాబోయ్, చట్టం సంగతి నాకు అస్సలు తెలియదు సార్. ఫోటో పోల్చాను, చెవి పక్క నల్ల చుక్కతో సహా అదే నాణెం. అలాగే ఉంచేస్తాను. జిప్ కవర్లో సిలికా జెల్ వేసి బీరువాలో పెట్టాను.

వెండిపిచ్చి:
బీరువాలో కలరా ఉండలు ఉన్నాయేమో చూసుకో, ఆ వాసనకి ఈ ప్లాస్టిక్ మెత్తబడి మసకేస్తుంది.

గుంటూరు_రూపాయి:
ఉన్నాయి. అమ్మ చీరల మధ్య పెట్టింది. ఇప్పుడే తీసి వంటింటి అటక మీదికి మార్చాను, రూపాయిని. ఉండల్ని కదిలిస్తే అమ్మ ఊరుకోదు.